కోతల మీదున్న టమాటాకు తెగులు మందు: ఏది పని చేస్తుంది, ఎన్నాళ్లు ఆగాలి

ముందుగా మీ ప్రశ్న క్లుప్తంగా. మదనపల్లె వైపు ఎకరం టమాటా, కట్టెలు పాతి తాళ్లు కట్టిన తోట. నాలుగు రోజులకోసారి కోత. ముసురు పట్టినప్పటి నుంచి కింది ఆకుల మీద మచ్చలు, ఇప్పుడు కాయ తొడిమ దగ్గర కూడా నలుపు. కార్బెండజిమ్ 12%, మాంకోజెబ్ 63% కలిసిన పొడి లీటరుకు 3 గ్రాముల చొప్పున ఐదు రోజులకోసారి కొడుతున్నారు. నాలుగు సార్లయింది, తగ్గలేదు. దుకాణంలో డోసు పెంచమన్నారు. కాయల మీద పసుపు చారలు కనిపిస్తున్నాయి, వీటిని మార్కెట్‌కు వేయొచ్చా, ఇంట్లో వండుకోవచ్చా అని అడిగారు.

డోసు పెంచకండి. పెంచితే తెగులు తగ్గదు, కాయలో మందు మాత్రం పెరుగుతుంది. మీ దగ్గర మందు పని చేయకపోవడం, కాయ మీద మందు మిగలడం వేర్వేరు సమస్యలు కావు. తప్పు మందును తప్పు సమయంలో కొట్టినప్పుడే మళ్లీ మళ్లీ కొట్టాల్సి వస్తుంది, అవశేషాలు పేరుకునేది అక్కడే.

ముందు తెగులు ఏదో తేల్చుకోండి. మచ్చ ఉన్న ఆకు తెంపి ఎండకు ఎదురుగా పట్టి చూడండి. గోధుమ రంగు మచ్చలో గుండ్రటి వలయాలు ఒకదాని లోపల ఒకటి కనిపించి, చుట్టూ పసుపు అంచు ఉండి, ముదురు ఆకుల నుంచి పైకి ఎక్కుతుంటే అది ఆల్టర్నేరియా అనే శిలీంద్రం వల్ల వచ్చే ఆకుమాడు తెగులు, అందరూ ఎర్లీ బ్లైట్ అంటున్నది. కాయ మీద ఇది తొడిమ దగ్గర మొదలై, నల్లగా, తోలులా, కాస్త లోపలికి గుంట పడుతుంది. వలయాలు లేకుండా, వేడినీళ్లు పడ్డట్టు ఆకు అంచు నుంచి పెద్ద పెద్ద మచ్చలు లేచి, తెల్లవారుజామున మంచు ఆరకముందు ఆకు అడుగున తెల్లటి బూజు కనిపిస్తే అది లేట్ బ్లైట్. దీని కాయ మచ్చ గోధుమ రంగులో, నూనె రాసినట్టు, గట్టిగా ఉంటుంది. చల్లగా, తడిగా ఉంటే మూడు నాలుగు రోజుల్లో తోటను పడగొట్టేది ఇదే. అనుమానం తీరకపోతే నాలుగు ఆకులు, ఒక తడి దూది ముక్క ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి రాత్రంతా నీడలో ఉంచండి. పొద్దున ఆకు అడుగున తెల్లటి బూజు లేస్తే లేట్ బ్లైట్. నల్లటి పొడిలాంటిది మచ్చ మీదే కనిపిస్తే ఎర్లీ బ్లైట్.

చిన్న చిన్న నల్ల చుక్కలు, కాయ మీద గరుకైన గజ్జిలాంటి మచ్చలు అయితే అది బాక్టీరియా. మొక్క పచ్చగానే ఉండి ఒక్కసారిగా వాలిపోతే కాండం కోసి గాజు గ్లాసు నీళ్లలో వేలాడదీయండి. కాసేపటికి పాలదారంలా తెల్లటి జిగురు దిగితే బాక్టీరియా ఎండు తెగులు. ఆకుముడత అయితే వైరస్, దాన్ని మోసేది తెల్లదోమ. ఈ మూడింటికీ శిలీంద్రాల మందు ఎంత కొట్టినా లాభం లేదు. బాక్టీరియా మచ్చకు రాగి మందు కొంత ఆపుతుంది, అంతే.

మీరు చెప్పిన లక్షణాలు, తొడిమ దగ్గర నలుపు, కింది ఆకుల నుంచి మొదలవడం, ఎర్లీ బ్లైట్ వైపే చూపిస్తున్నాయి. ఇక మీరు కొడుతున్న పొడి సంగతి చూద్దాం. కార్బెండజిమ్ ఆల్టర్నేరియా మీద పని చేయదు. అలవాటు పడిపోయి కాదు, మొదటి నుంచీ దాని మీద పని చేసే గుణమే లేదు. లేట్ బ్లైట్ తెచ్చే ఫైటోఫ్తొరా మీద కూడా అంతే. కాబట్టి మీ పొడిలో ఈ తెగులుకు పనికొచ్చేది మాంకోజెబ్ వాటా ఒక్కటే. లెక్క వేయండి: 3 గ్రాముల పొడిలో మాంకోజెబ్ 1.89 గ్రాములు. వట్టి మాంకోజెబ్ 75% పొడి లీటరుకు 2.5 గ్రాములు కలిపితే అందులో ఉండేది 1.875 గ్రాములు. రెండూ ఒకటే. తేడా ఏమిటంటే, మీరు కార్బెండజిమ్‌కు అదనంగా డబ్బు కట్టి, అది మొక్కలోకి ఇంకి కాయలో మిగిలేలా చేసుకుంటున్నారు. కడిగినా పూర్తిగా పోని మందు, తెగులుకు ఏ ఉపకారమూ చేయని మందు. పక్షికన్ను తెగులుకో, బూడిద తెగులుకో కార్బెండజిమ్‌కు చోటు ఉంది. ఇక్కడ లేదు.

మరి మాంకోజెబ్ అయినా పని చేయాలి కదా? చేస్తుంది, కానీ అది కంచె లాంటిది. ఆకు మీద పొరలా ఉండి, వచ్చి పడే బీజాన్ని మొలకెత్తకుండా ఆపుతుంది. ఆకు లోపలికి దిగిన తెగులును ముట్టుకోదు. ఈ రోజు మీకు కనిపించే మచ్చ దాదాపు వారం కిందట లోపలికి దిగిన తెగులు. అంటే మచ్చలు చూసి మాంకోజెబ్ మొదలుపెట్టినవాళ్లకు ఆ తర్వాత ఐదారు రోజులు కొత్త మచ్చలు వస్తూనే ఉంటాయి. రెండో రోజుకే "మందు పని చేయలేదు" అనుకుని ఇంకోటి కొడతారు. పైగా మందు కొట్టాక పుట్టిన కొత్త చిగురుకు ఆ పొర ఉండదు. గట్టి వాన పడితే ఉన్న పొర కూడా కొట్టుకుపోతుంది.

పని చేసిందో లేదో చూడటానికి ఒక సులువైన పద్ధతి: తోటలో అక్కడక్కడ పది మొక్కలు ఎంచుకుని, ప్రతిదానిలో మచ్చ ఉన్న పైచివరి ఆకు దగ్గర రంగు ఊలుదారం కట్టండి. మందు కొట్టిన ఎనిమిదో రోజు ఆ దారానికి పైన ఉన్న ఆకులు చూడండి. పైవి శుభ్రంగా ఉంటే మందు పని చేసింది, కింద ఎంత మాడినా సరే. పైవాటికీ మచ్చ పాకితే అప్పుడు మందు మార్చాలి, డోసు కాదు.

డోసు దగ్గర జరిగే పొరపాటు ఎక్కువగా మూతతో కొలవడం వల్ల వస్తుంది. పొడి మందులను మూతతోనో అగ్గిపెట్టెతోనో కొలవొద్దు, ఒకే మూతలో ఒక పొడి 8 గ్రాములు పడితే ఇంకోటి 14 పడుతుంది. చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి. 16 లీటర్ల ట్యాంకుకు 2.5 గ్రాముల చొప్పున 40 గ్రాములు. 500 గ్రాముల ప్యాకెట్ పన్నెండున్నర ట్యాంకులకు రావాలి. ఎనిమిది ట్యాంకులకే ఖాళీ అయితే మీరు లీటరుకు దాదాపు 4 గ్రాములు వేస్తున్నారన్నమాట, ఎంత వేశామని అనుకున్నా సరే.

నీళ్లు ఎన్ని పడుతున్నాయో కూడా కొలవాలి. ఒక గుంట, అంటే రెండున్నర సెంట్లు కొలిచి తాడు వేయండి. ట్యాంకులో కొలిచిన నీళ్లు పోసి మామూలుగా కొట్టినట్టే కొట్టి, మిగిలిన నీళ్లు తీసి కొలవండి. పట్టినదాన్ని 40తో గుణిస్తే ఎకరానికి లెక్క. కమ్ముకున్న టమాటాకు మాంకోజెబ్ లాంటి పొర మందు అయితే ఎకరానికి 300 లీటర్లు, అంటే గుంటకు ఏడున్నర లీటర్లు దిగాలి. 16 లీటర్ల ట్యాంకు రెండు గుంటలకు కాస్త పైగా వస్తుంది. చాలా తోటల్లో గుంటకు మూడు లీటర్లే పడుతుంది, అదీ పైఆకు మీద. తెగులు ఉండేది కింద, లోపల. నాజిల్ పైకి తిప్పి మొదలు నుంచి చిగురు వైపు కొట్టుకుంటూ రావాలి, ఆకు అడుగు తడవాలి. నీటి బొట్లు రాలిపోయేంత కొడితే మాత్రం మందు నేల పాలు. లోపలి ఆకుకు తెల్ల కాగితం ముక్క ఒకటి గుచ్చి చూడండి, దాని మీద చుక్కలు పడకపోతే ఆకు మీదా పడలేదు.

కలపడం: పొడిని ముందు చిన్న బకెట్లో కొద్ది నీళ్లతో జావలా చేసి, అప్పుడు సగం నిండిన ట్యాంకులో పోసి, మిగతా నీళ్లు నింపండి. రెండు రకాలు కలపాల్సి వస్తే పొడి మొదట, చిక్కటి ద్రవం తర్వాత, నూనె రకం ఆఖరున. రాయలసీమ బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా, క్షారంగా ఉంటాయి. కెప్టాన్ లాంటి మందు అలాంటి నీళ్లలో గంటల్లోనే విరిగిపోతుంది. మాంకోజెబ్ కూడా నిలవ పెడితే చెడుతుంది. కలిపిన మందును రాత్రికి ఉంచి పొద్దున కొట్టడం వద్దు. తేమ తగిలి గడ్డకట్టిన ప్యాకెట్ పారేయండి. అందులో బలం తగ్గడమే కాదు, విషం పెరుగుతుంది. ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు ఏం కొట్టాలి? ఎర్లీ బ్లైట్ అని తేలితే, కోతల మధ్యలో సరిపోయే మందు అజాక్సీస్ట్రోబిన్ 23% ద్రవం. హెక్టారుకు 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లలో. అంటే లీటరుకు 1 మిల్లీలీటరు, ఎకరానికి 200. టమాటాలో దీనికి కోతకు ముందు ఆగాల్సింది 3 రోజులు. మీకు కోతకూ కోతకూ మధ్య నాలుగు రోజులు ఉన్నాయి కనుక పొద్దున కోత అయిపోయాక సాయంత్రం కొడితే తర్వాతి కోతకు లెక్క సరిపోతుంది. ఇదే మందు మిరపలో 5 రోజులు, ద్రాక్షలో 7, బంగాళాదుంపలో 12. అందుకే "ఈ మందుకు ఇన్ని రోజులు" అని ఎవరు చెప్పినా, ఏ పంటకు అని అడగాలి. దీనిలో సిలికాన్ జిగురు గానీ, నూనె రకం పురుగు మందు గానీ కలపకండి, టమాటా ఆకు మాడే ప్రమాదం ఉంది.

అజాక్సీస్ట్రోబిన్‌ను వరసగా కొట్టకూడదు. శిలీంద్రంలో ఒకే ఒక్క చోట దెబ్బ తీసే మందు ఇది. ఆ చోట చిన్న మార్పు జరిగితే చాలు, మందుకు లొంగదు. తర్వాతి విడతకు గుంపు మార్చాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అమిస్టార్ తర్వాత నేటివో, ఆ తర్వాత కేబ్రియో టాప్, ఆ తర్వాత ఈక్వేషన్ ప్రో కొట్టి "ప్రతిసారీ మందు మార్చాను" అంటారు. నాలుగింటిలోనూ అదే గుంపు మందు ఉంది: మొదటిదానిలో అజాక్సీస్ట్రోబిన్, రెండోదానిలో ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్, మూడోదానిలో పైరాక్లోస్ట్రోబిన్, నాలుగోదానిలో ఫామోక్సడోన్. డబ్బాలు నాలుగు, దెబ్బ తీసే చోటు ఒకటే. రెండు మందులు కలిసిన డబ్బాలో రెండో మందు కొంత కాపాడుతుంది, నిజమే, కానీ అది మార్పిడి కాదు. డబ్బా మీద పెద్ద అక్షరాల పేరు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక నామం చదవండి. స్ట్రోబిన్‌తో ముగిసేవన్నీ ఒక గుంపు (ఫామోక్సడోన్ పేరు అలా ముగియకపోయినా ఆ గుంపే), కొనజోల్‌తో ముగిసేవన్నీ ఇంకో గుంపు. మాంకోజెబ్, మెటిరమ్, రాగి మందులు శిలీంద్రాన్ని చాలా చోట్ల కొడతాయి కనుక వాటికి తెగులు అలవాటు పడదు. వాటి విలువ అదే.

లేట్ బ్లైట్ అయితే దారి వేరు. సైమోక్సనిల్ ఉన్న మందు తెగులు లోపలికి దిగిన ఒకటి రెండు రోజుల్లో పడితే కొంత వెనక్కి లాగుతుంది, ఆ తర్వాత కాదు. డైమెథోమార్ఫ్ బూజు లేవకుండా ఆపుతుంది. మెటలాక్సిల్ మీద మాత్రం కళ్లు మూసుకుని నమ్మకం పెట్టకండి. 2009-10లో దక్షిణ భారతంలో టమాటాను ఊడ్చేసిన లేట్ బ్లైట్ వెనక 13_ఎ2 అనే కొత్త రకం ఉందని తేలింది, అది మెటలాక్సిల్‌కు లొంగదు. ఇంకో సంగతి, మెటలాక్సిల్, డైమెథోమార్ఫ్, సైమోక్సనిల్ ఎర్లీ బ్లైట్ మీద పని చేయవు. రెండు తెగుళ్లకూ ఒకే డబ్బా అడిగితే దుకాణంలో ఇచ్చేది మాంకోజెబ్‌తో కలిపినదే, పని చేసేదీ దాని వాటానే.

ఇక అవశేషాల లెక్క. మందు కాయ మీద రోజురోజుకీ తగ్గుతుంది, ఎండకు, వానకు, కాయ పెరగడం వల్ల కూడా. సగానికి తగ్గడానికి ఎన్ని రోజులు పడుతుందో దాన్ని బట్టి మిగతాదంతా. ఉదాహరణకు ఒక మందు 3 రోజులకు సగమవుతుందని అనుకుందాం. కొట్టిన రోజు కిలో కాయలో 4 మిల్లీగ్రాములు ఉంటే మూడో రోజుకు 2, ఆరో రోజుకు 1, తొమ్మిదో రోజుకు అర. డోసు రెట్టింపు చేసి 8తో మొదలుపెడితే మూడో రోజుకు 4, ఆరో రోజుకు 2. అంటే డబుల్ డోసు వల్ల ఆగాల్సిన రోజులు మూడు పెరిగాయి. దుకాణంలో డోసు పెంచమన్నవాళ్లు కోత మూడు రోజులు ఆపమని కూడా చెప్పాలి, చెప్పరు. ఇప్పుడు మీలాగా ఐదు రోజులకోసారి కొడుతూ పోతే, రెండోసారి కొట్టేటప్పటికి పాతది 1.26 మిగిలే ఉంటుంది. దాని మీద కొత్తగా 4 పడి 5.26. మూడోసారికి 5.66. పెరిగి పెరిగి 5.8 దగ్గర నిలబడుతుంది. సగమయ్యే కాలం ఎక్కువున్న మందైతే ఇంకా పేరుకుంటుంది. ముసురు రోజుల్లో, షేడ్‌నెట్ కింద, పాలీహౌస్‌లో ఎండ తక్కువ కనుక తగ్గడం నెమ్మదిస్తుంది. డబ్బా మీద రాసిన రోజులకు అలాంటప్పుడు ఒకటి రెండు కలుపుకోవడం మంచిది.

మాంకోజెబ్‌ను కోతలు మొదలయ్యేదాకా, పూత, పిందె దశల్లో వాడుకోండి. అక్కడ దానికి మించింది లేదు, చవక కూడా. కోతలు మొదలయ్యాక ప్యాకెట్ మీద టమాటాకు రాసిన రోజులు చూసి, మీ నాలుగు రోజుల్లో పట్టకపోతే ఆ కోత వదలాలి లేదా మందు మార్చాలి. మూడో దారి ఒకటి ఉంది. మందు కొట్టే పొద్దున తోటంతా తిరిగి, ఎర్రవే కాక కొద్దిగా రంగు తిరిగిన కాయలన్నీ కోసేయండి. టమాటా కోశాక కూడా పండుతుంది. దూరం పోయే సరుకు ఎలాగూ దోర కాయే కావాలంటుంది. అలా కోస్తే చెట్టు మీద మిగిలేవి పచ్చివే, తర్వాతి కోతకు ఆరేడు రోజుల వ్యవధి దొరుకుతుంది. రెండు మందులు కలిపి కొట్టినప్పుడు రెండింటిలో ఎక్కువ రోజులు ఏదో అదే లెక్క, పురుగు మందు కలిపినా సరే.

డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంది కదా, ఆగక్కర్లేదు అని ఒక భ్రమ ఉంది. ఆ రంగులు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత త్వరగా ప్రాణం మీదకు వస్తుందో చెప్పేవి. మాంకోజెబ్‌కు ఆకుపచ్చే ఉంటుంది. కాయలో ఎంత మిగులుతుందో, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తింటే ఏమవుతుందో ఆ త్రికోణం చెప్పదు.

మాంకోజెబ్‌లో అసలు చిక్కు ఇథిలీన్ థయోయూరియా. మాంకోజెబ్ విరిగితే పుట్టేది ఇది. థైరాయిడ్ గ్రంథి మీద ప్రభావం చూపుతుంది. తేమ తగిలిన ప్యాకెట్‌లో, నిలవ ఉన్న ద్రావణంలో, అన్నిటికన్నా ముఖ్యంగా పొయ్యి మీద, అది పుడుతుంది. కాయ మీద మాంకోజెబ్ ఉన్నట్టే టమాటా పప్పులో వేసి ఉడికిస్తే అందులో కొంత ఈ పదార్థంగా మారుతుంది. వండితే విషం పోతుందన్న మాట కొన్ని పురుగు మందుల విషయంలో కొంత నిజం. మాంకోజెబ్ విషయంలో తలకిందులు. అయితే ఇదే మందులో ఒక సౌలభ్యం కూడా ఉంది: ఇది కాయ లోపలికి పోదు, పై తొక్క మీదే ఉంటుంది, కాబట్టి కడిగితే చాలావరకు పోతుంది. ఎప్పుడు కడగాలన్నదే ముఖ్యం: తరగకముందు, నిండు కాయగా. తరిగిన ముక్కలు కడిగితే రసం పోతుంది తప్ప మందు పోదు. లీటరు నీళ్లకు 20 గ్రాముల ఉప్పు వేసి పది నిమిషాలు నానబెట్టి, తర్వాత పంపు నీళ్ల కింద ఒక్కో కాయను చేత్తో రుద్దుతూ కడగండి. తొడిమ ఊడిన గుంటలో మందు నిలుస్తుంది, అక్కడ వేలితో రుద్దండి. కార్బెండజిమ్, అజాక్సీస్ట్రోబిన్ లాంటివి కొంత లోపలికి ఇంకుతాయి, వాటిని కడిగితే కొంతే పోతుంది. వాటికి ఆగడం ఒక్కటే దారి.

పసుపు చారలున్న కాయల సంగతి అడిగారు. ఆ చార మాంకోజెబ్ పొరే. ఆఖరిసారి కొట్టి ఎన్ని రోజులైందో చూసుకుని, ప్యాకెట్ మీద రాసిన రోజులు గడవకపోతే మార్కెట్‌కూ వద్దు, ఇంటికీ వద్దు. గడిచాక కూడా చారలు పోకపోతే కడిగి, పూర్తిగా ఆరబెట్టి క్రేట్లకు ఎత్తండి. తడి కాయ క్రేట్లో కుళ్లుతుంది.

చట్టం సంగతి కొంచెం. 2020 మేలో కేంద్రం నిషేధిస్తానని ముసాయిదా ఇచ్చిన 27 మందుల్లో మాంకోజెబ్, కార్బెండజిమ్ రెండూ ఉన్నాయి. 2023 నాటి ఉత్తర్వులో మాంకోజెబ్‌కు జామ, జొన్న, కర్రపెండలం మీద వాడకం మాత్రమే ఆగింది. టమాటాలో వాడొచ్చు. ఐరోపా మాత్రం 2020 చివర్లో మాంకోజెబ్ అనుమతిని పొడిగించకుండా వదిలేసింది. మన దగ్గర ఏ కూరగాయలో ఏ మందు ఎంత మించకూడదో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్ణయిస్తుంది. ఆ పంటకు ఆ మందుకు పరిమితి అంటూ పెట్టని చోట సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. పది టన్నుల లారీలు పదింటి సరుకులో ఒక్క గ్రాము, అంతే. కాబట్టి పంట పేరు లేబుల్ మీద లేని మందు కొడితే, ఎన్ని రోజులు ఆగినా దొరికిపోవడం ఖాయమనే అనుకోండి. ఈ పరిమితి దాటిందంటే తిన్నవాడు వెంటనే జబ్బు పడతాడని కాదు. మందును లేబుల్ ప్రకారం వాడితే ఇంతకు మించి మిగలదు అన్న లెక్క అది. దాటిందంటే లేబుల్ ప్రకారం వాడలేదని అర్థం.

మీ గట్టు పక్క కొత్తిమీర, తోటకూర మళ్లు ఉంటే జాగ్రత్త. టమాటా కాయ నున్నగా, బరువుగా ఉంటుంది, మందు పట్టేది తక్కువ. ఆకుకూరకు బరువు కన్నా వైశాల్యం ఎక్కువ, అదే తుంపర కిలోకు ఎన్నో రెట్లు పట్టేస్తుంది. పైగా ఆ మందు తోటకూరకు రాసి ఉండదు, 0.01 హద్దు అక్కడికే వస్తుంది. గాలి అటు వీస్తుంటే ఆ పూట కొట్టడం మానేయండి. బెండ, కాకర, దోస లాంటివి రెండు రోజులకోసారి కోసేవి కనుక వాటిలో మూడు రోజుల మందు కూడా పట్టదు. వాటికి బూడిద తెగులు వస్తే నీటిలో కరిగే గంధకం 80% లీటరుకు 3 గ్రాములు, చల్లటి పూట. అవశేషాల భయం దాదాపు లేదు. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో ఆకు మాడుతుంది, దోసజాతి తీగలకు ముందు నాలుగు మొక్కల మీద కొట్టి చూడండి. బూడిద తెగులుకు మాంకోజెబ్ కొట్టడం వృథా.

వచ్చే పంటకు విత్తనం దగ్గరే కొంత బరువు దించుకోవచ్చు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) వాళ్ల టమాటా రకం అర్క రక్షక్‌కు ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఎర్లీ బ్లైట్ మూడింటికీ నిరోధం ఉంది, అర్క అభేద్‌కు వీటితో పాటు లేట్ బ్లైట్‌కూ ఉంది. మందు అస్సలు అక్కర్లేదని కాదు, విడతలు తగ్గుతాయి. ఇప్పటి తోటలో నేల నుంచి అడుగు ఎత్తు దాకా మచ్చలున్న ఆకులు తెంపి బయట పూడ్చండి, సాళ్లలో పడేయొద్దు. తడి ఆరాక తెంపండి, తడిలో తెంపితే చేతులే తెగులు మోస్తాయి. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రాన్ని నేలకు వేసి ఉంటే ఆ మొదళ్లలో కార్బెండజిమ్ పోయకండి, ఆ శిలీంద్రాన్ని ఈ మందు చంపేస్తుంది.

అనుమానం ఉండి ల్యాబుకు పంపాలనుకుంటే ఒక మాట ముందే చెప్పాలి. వందల మందులు ఒకేసారి చూసే మామూలు పరీక్షలో మాంకోజెబ్ కనిపించదు. దాన్ని విడిగా, కార్బన్ డైసల్ఫైడ్ రూపంలో కొలుస్తారు. "డైథయోకార్బమేట్ల పరీక్ష కూడా కావాలి" (మాంకోజెబ్ ఆ కుటుంబానిదే) అని రాసి ఇవ్వకపోతే మీరు నాలుగు సార్లు కొట్టిన మందు రిపోర్టులో లేనట్టే వస్తుంది. కనీసం కిలో, పది కాయలకు తగ్గకుండా, తోటలో పది చోట్ల నుంచి తీయండి. కడగొద్దు, తరగొద్దు. తరిగితే రసం తగిలి మాంకోజెబ్ అక్కడే విరిగిపోతుంది. కాయలు నిండుగా శుభ్రమైన కవర్లో వేసి అదే రోజు పంపండి. ఇదే పరీక్ష క్యాబేజీ, ముల్లంగి, ఉల్లి మీద చేయిస్తే మందు కొట్టకపోయినా కొంత చూపిస్తుంది, వాటి సహజ గంధకం వల్ల. టమాటాలో ఆ గొడవ లేదు, వచ్చిన అంకె మందుదే.